కొమ్ముకీ పకీ వకీ మధ్య

అత్తగారి శాపం
పసిపిల్ల నోట్లో పడింది మొదట.
"నీ వంశం నాశనమైపోనూ" అని
మూడేళ్ల పాప అరిచిందని
వడపళని డబ్బింగ్ థియేటర్లో ఒకటే నవ్వులు.
సుగుణాకర్ గారు నవ్వలేదు.
"ఏమ్మా హైమా, చూసుకోవద్దూ?" అన్నారు, అంతే.

నా తప్పు కాదు, నా అరచేతి తప్పు.
బొటనవేలి కింది కండ
ఆ నున్నటి టచ్‌ప్యాడ్‌కి కాస్త తగిలితే చాలు
కర్సర్ ఎగిరి ఏ పై వరసలోనో వాలుతుంది.
వేళ్లకి ఆ సంగతి తెలీదు.
అవి కొట్టుకుంటూ పోతాయి,
ఒకరి ఏడుపు ఇంకొకరి పెళ్లిచూపుల్లోకి.

మౌసు పెట్టుకోమన్నారు.
పెట్టేందుకు చోటేదీ?
బల్ల మీద కుడివైపు ఫ్లాస్కు, స్క్రిప్టు కట్ట,
సుగుణాకర్ గారి మోచెయ్యి.
పైగా చెయ్యి మౌసు దాకా పోయొచ్చేసరికి
సగం డైలాగు మర్చిపోతాను.

శనివారం మధ్యాహ్నం రిచీ స్ట్రీట్.
ఛార్జర్లు తోరణాల్లా వేలాడే సందులో
ఆరడుగుల కొట్టు. ఏళుమలై అని పేరు,
మా వైపైతే ఏడుకొండలు అనేవాళ్లం.
ఊడదీసిన కీబోర్డులు
వడియాల్లా పరిచి ఉన్నాయి.
నా అరకొర తమిళంలో గోడంతా విని
పాతదొకటి తీసి ముందు పెట్టాడు,
ఏ ఆఫీసులో రిటైరైందో, ఇటుకంత బరువు.
నడిమధ్యలో ఎర్రటి బొడిపె,
తొలకరికి చేలో కనబడే ఆరుద్ర పురుగులా
మీటల సందున తలెత్తి.

"వేలితో తొయ్యండి, రుద్దొద్దు" అన్నాడు.
మొండి దూడ నుదురు నొక్కినట్టుంది.
అది కదల్లేదు,
తెర మీద బాణం కదిలింది.

మీటలకి తమిళం స్టిక్కర్లు, అంచులు లేచి.
పీకెయ్యమంటారా అన్నాడు.
ఆగమన్నాను.
నా ప ఉండే చోటే వాళ్ల ప ఉంది,
ర చోట ర, క చోట క, త చోట త.
బట్టలే వేరు, కూర్చునే పీటలు అవే.
గ, ద, బల దగ్గర మాత్రం బోడి మీటలు,
వాళ్లకవి విడిగా అక్కర్లేదు,
క, త, పలతోనే గడుపుకుంటారు.
ఆ మూడూ నేనే తెల్ల రంగుతో రాసుకుంటాలే అన్నాను.
ఇంతవరకూ రాయలేదు.

అసలు చూసి కొట్టను నేను.
గుడి మీదొక చిన్న గట్టు, ర మీదొక చిన్న గట్టు.
చూపుడువేళ్లు రెండూ వాటిని తడుముకుని కూర్చుంటాయి.
పాడేవాళ్లు సా దగ్గర మొదలెడతారు,
నా చేతులు రి దగ్గర.

ఆ రాత్రి పదకొండు దాటాక
ఖాళీ పేజీలో ఏం కొట్టాలో తోచక
ఎర్ర బొడిపె చుట్టూ ఏమున్నాయా అని చూశాను.
ఎడమన కొమ్ము, కుడిన ప, కింద వ.
పకి కొమ్మిస్తే, వకి కొమ్మిస్తే
పువు.
పదిహేడేళ్లుగా కొడుతున్నాను,
ఎవరూ చెప్పలేదు.
చెప్పేందుకు ఎవరున్నారు లెండి,
అక్షరాలు సర్దినవాళ్లకి ఆ బొడిపె తెలీదు,
బొడిపె పెట్టినవాళ్లకి తెలుగు తెలీదు.

సోమవారం నుంచి
అత్త శాపాలు అత్తే పెడుతోంది.
ఒకటే చిక్కు.
ఎక్కువసేపు నొక్కితే, వేలు తీశాక కూడా
బాణం తనంతట తాను
మెల్లగా కుడివైపుకి జారుకుంటుంది,
ఎవరో పిలిచినట్టు.
ఏళుమలైకి ఫోను చేశాను.
"కాసేపు ముట్టుకోకండమ్మా, అదే నిలబడుద్ది."

గాజు గోడ అవతల
సుగుణాకర్ గారు వేలు పైకెత్తారు.
తర్వాతి సీను. పాప ఏడవాలి, ఆరు సెకన్లు.
రి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.
బాణం ఇంకా కొంచెం జారుతోంది.
ఆగనిచ్చాను.